వెనక్కి ఆరడుగులు

ఫిబ్రవరి 4

షూటింగ్ క్లబ్బులో చేరినవాళ్ళందరూ ప్రాక్టీసు పుస్తకం రాయాలట. ఎన్ని గుళ్ళు కాల్చారు, ఎక్కడ తగిలాయి, తప్పినవి ఎందుకు తప్పాయి. ఆ పుస్తకాన్ని వారానికోసారి పెద్దమ్మ చూస్తుంది. ఇది పెద్దమ్మ చూడని పుస్తకం.

పెద్దమ్మ మా కోచ్. పోలీసులకు ముప్ఫై ఏళ్ళు గురి నేర్పి రిటైరైన మనిషి. క్లబ్బులో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు, ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళతో సహా.

ఫారంలో అత్తింటి ఇంటిపేరు రాశాను. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఆ పేరు నాకు పనికొచ్చింది ఇదే మొదటిసారి.

"ఎందుకమ్మా నేర్చుకోవడం?" అని అడిగింది.

"ఏకాగ్రత కోసమండీ."

"ఏకాగ్రతకి కుట్లూ అల్లికలూ ఉన్నాయి కదా."

"సూదులంటే భయం."

నవ్వింది. నవ్వుతూనే నా చేతులకేసి చూసింది.

ఫిబ్రవరి 5

తెలుసుకోవడానికే చేరాను. అంతకుమించి ఏమీ లేదు.

ఫిబ్రవరి 18

విచారణ రిపోర్టు మళ్ళీ చదివాను. నాలుగు పేజీలు. అసలు సంగతి ఒక్క వాక్యమే: 'పోటీదారు కాల్చుతూ వెనక్కి నడుచు సందర్భమున, వెనుక నున్న రిఫరీకి తగిలి, తూలి పక్కకు తిరిగినందున పిస్టలు ప్రమాదవశాత్తూ పేలినది.'

రిఫరీ నా చెల్లెలు. పోటీదారు పళ్ళ డాక్టరు, వరుసగా మూడేళ్ళు క్లబ్బులో మొదటివాడు. అతనికి ఏడాది సస్పెన్షను. అది ఏప్రిల్‌లో తీరిపోతుంది. మా చెల్లిది తీరేది కాదు.

మూడేళ్ళు మొదటివాడు వెనక్కి ఆరడుగులు వెయ్యలేక తూలాడట. నేను యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చెప్తాను. పదివేల అడుగుల్లో ఒక అడుగు తడబడటం వింత కాదని పిల్లలకు చెప్పేదాన్ని నేనే. ఆ ఒక్క అడుగు మా చెల్లి వెనక నిలబడ్డ రోజే ఎందుకు పడాలని అడిగితే మాత్రం నా సబ్జెక్టు నోరు మూసుకుంటుంది.

పైగా, అంతకు ముందు వారమే అది ఫోన్లో అంది: "పళ్ళ డాక్టరుకి పాయింట్లు కోశానక్కా. నా మీద కారాలు మిరియాలు నూరుతున్నాడు." ఎందుకు కోశావని నేను అడగలేదు. పేపర్లు దిద్దుతున్నాను.

"ఒక్కసారి వచ్చి చూడక్కా, ఎంత బావుంటుందో" అని ఎన్నిసార్లు పిలిచిందో. తను కాల్చేది కాదు. కాల్చేవాళ్ళ వెనక నడవడమే దాని సరదా. నాలుగుసార్లు పిలిచింది. ఎన్నిసార్లో తెలియనట్టు ఎందుకు రాశాను?

మార్చి 3

నిలబడి కాలిస్తే నా చిల్లులన్నీ అరచేతి కింద దాగిపోతున్నాయి. నడవడం మొదలుపెట్టగానే కాగితమంతా అమ్మవారు పోసినట్టుంటోంది.

పెద్దమ్మ నా పక్కనే నడుస్తూ చెప్పింది. "మోకాళ్ళు వదులు. చిన్నడుగులెయ్యి. మడమ ఆనాక పాదం దొర్లాలి, దబ్బున పడకూడదు. నడుం కింద నడవాలి, నడుం పైన నడవకూడదు."

"అడుగుకీ అడుగుకీ మధ్య కాస్త నిలకడగా ఉంటుంది కదండీ. అప్పుడు నొక్కితే?"

"లెక్కలేస్తున్నావా? మానెయ్. గురి ఊగుతుంది, ఊగనీ. ఊగినా కాగితం మీది ఆ గుండ్రటి గీత లోపలే ఊగుతోందా లేదా, అంతే చూసుకో. సరిగ్గా మధ్యకొచ్చినప్పుడు నొక్కుదామని కాచుకున్నావో, వేలు గుంజేస్తుంది."

నా బతుకంతా సరిగ్గా మధ్యకొచ్చేదాకా కాచుకోవడమే. తేలిగ్గా మానెయ్ అంటుంది.

మార్చి 9

ఇంట్లో చెయ్యమని పెద్దమ్మ చెప్పింది: అంచుదాకా నీళ్ళు పోసిన గ్లాసు రెండు చేతులతో ముందుకు పట్టుకుని హాల్లో నడవాలి. ఒలకకూడదు. ఇరవై నిమిషాలు నడిచాను.

"దాహం ఎవరికి?" అన్నాడు మా ఆయన.

"అమ్మ మోడలింగ్‌కి వెళ్తోంది నాన్నా" అంది అమ్మాయి. "ఉండు, వీడియో తీస్తా. పిన్నికి పంపి…"

వాక్యం మధ్యలో ఆపేసింది. దానికి పదహారేళ్ళు. ఏడాదైనా దాని నోరింకా పిన్ని దగ్గరికే వెళ్తోంది.

నీళ్ళు ఒలికాయి.

మార్చి 24

ఇవాళ వెనక్కి నడక. ముందు కాలివేళ్ళు ఆనాలి, తర్వాత మడమ. ఎదురుగా మూడు టార్గెట్లు. ఒక్కోదానికి రెండు గుళ్ళు. ఆరడుగులు వెనక్కి. ఒక టార్గెట్ అయి ఇంకోదానికి పోయేలోపు వేలు ట్రిగ్గరు మీంచి తీసి బయట పెట్టుకోవాలి.

వెనక్కి నడిచే స్టేజీలో రిఫరీ తన అరచెయ్యి పోటీదారు వీపు మీద ఆనించి నడవాలి, తను ఎక్కడున్నాడో తెలిసేలా. "పోయినేడాది నుంచి కొత్త రూలు" అంది పెద్దమ్మ. ఎందుకొచ్చిందో చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ రూలు మా చెల్లిది. దాని పేరుమీద ఈ లోకంలో మిగిలింది అదొక్కటే.

ఏప్రిల్ 7

ఆరు గుళ్ళలో నాలుగు తగిలాయి. వెనక్కి నడుస్తూ.

ఏప్రిల్ 10

సెక్రటరీ చెప్పాడు, పళ్ళ డాక్టరు తిరిగొస్తున్నాడు. సస్పెన్షను అయినవాళ్ళు వెంటనే పిస్టలు పట్టకూడదు, ఒక సీజనంతా రిఫరీగా ఇతరుల వెనక నడవాలి. క్లబ్బులో మొదటినుంచీ అదే పద్ధతి.

మే 19న పోటీ. మూడో స్టేజీ వెనక్కి ఆరడుగులు.

అంటే పిస్టలు నా చేతిలో, అతను నా వెనక. అదే చోటు, అవే అడుగులు. తూలడం ఎవరికైనా జరుగుతుంది. మూడు నెలల కిందట చేరిన దాన్ని నేను తూలితే ఎవరికి అనుమానం? కమిటీకి కొత్త వాక్యం కూడా అక్కర్లేదు, పాతది ఉంది.

ఏప్రిల్ 11

నిన్నటిది రాయకుండా ఉండాల్సింది. పేజీ చింపబోయాను. చింపలేదు.

ఏప్రిల్ 14

చూశాను. ఏడాది కిందట విచారణలో చూసినప్పటికంటే చిక్కిపోయాడు. చొక్కా వేరేవాళ్ళదిలా ఉంది. అయినా క్లబ్బువాళ్ళంతా చుట్టూ మూగారు. ఒకడు నోరు తెరిచి "ఈ పన్ను చూడండి డాక్టరుగారూ" అంటున్నాడు. అతను నిజంగానే చూశాడు.

నా దగ్గరికొచ్చాడు. "కొత్తగా చేరారా?"

"ఫిబ్రవరిలో."

"నడకలో బాగా ముందుకొచ్చారని పెద్దమ్మ అంది."

"వెనక్కి నడవడమే ఇంకా రావట్లేదండీ."

"అది నాకూ రాలేదు" అన్నాడు.

అతను నవ్వలేదు. నవ్వకుండా జోకేసేవాళ్ళు ఉంటారు. చెల్లిని చంపిన అడుగు మీద జోకు. ఇంటికొచ్చేదాకా నా పళ్ళు విడివడలేదు.

ఏప్రిల్ 21

అమ్మాయి గదిలో నిలువుటద్దం ముందు, చేతిలో దువ్వెనతో వెనక్కి నడిచాను. మూడో అడుగులో తూలాను. పక్కకు తిరిగాను. అద్దంలో దువ్వెన నాకేసి చూస్తోంది. రెప్పపాటు కూడా పట్టలేదు.

పదకొండుసార్లు చేశాను. పదకొండోసారికి, తూలడం నిజంగా తూలినట్టే ఉంది.

ఏప్రిల్ 28

ఇవాళ ప్రాక్టీసు జరగలేదు.

మే 1

జరగలేదని రాశాను. జరిగింది.

ఆదివారం పెద్దమ్మ నా వెనక నడుస్తోంది. రెండో టార్గెట్ అయింది. మూడోదానికి తిరుగుతుంటే నా మడమ నేలలో బిగించిన చెక్కపట్టీకి తగిలింది. నేను తూలాను. తూలాలని తూలలేదు. పిస్టలు పేలింది. గుండు పెద్దమ్మ బూటుకి జానెడు దూరంలో నేలలో దిగింది. మట్టి ఎగిరి ఆమె చీలమండ మీద పడింది.

ఆమె పిస్టలు తీసుకుని, ఖాళీ చేసి, బల్ల మీద పెట్టింది. తర్వాత అడిగింది.

"వేలెక్కడుంది?"

నేను మట్టిలో పడ్డ చిల్లు వైపు చూశాను.

"వేలెక్కడుందే?"

"లోపల."

"ఎందుకుంది?"

తీసి మళ్ళీ పెడితే అరసెకను పోతుంది. ఆ అరసెకను మిగుల్చుకుందామని నెల రోజులుగా తియ్యడం మానేశాను. అది చెప్పాను.

"పడబోయే మనిషికి ఏ చెయ్యి ఏం పట్టుకుందో గుర్తుండదు. రెండు చేతులూ బిగుస్తాయి. వేలు ట్రిగ్గరు మీదుంటే అదీ బిగుస్తుంది. అందుకే బయట పెట్టమనేది, అందం కోసం కాదు." ఆమె గొంతు పెరగలేదు. గదిలోకి తీసుకెళ్ళి బీరువాలోంచి పోయినేడాది స్కోరు పుస్తకం తీసింది. ఒక పేజీ నా ముందు పెట్టింది. పళ్ళ డాక్టరు పేరు, ఎదురుగా పది పాయింట్లు కోత, కారణం: 'కదిలేటప్పుడు వేలు లోపల.' మా చెల్లి రాత. దాని ల అక్షరం ఎప్పుడూ పడుకున్న పిల్లిలా ఉంటుంది.

"మీకు తెలుసా నేనెవరో?"

"చేతికి పిస్టలిస్తూ మనిషెవరో కనుక్కోనా? నేర్చుకుంటే దుఃఖం దిగుతుందనుకున్నాను."

"మరి ఈ పేజీ విచారణలో ఎందుకు చూపించలేదు?"

"ఇది ముందు వారంది. ఆ రోజు నేను చూడలేదమ్మా. చూడనిదాని గురించి ఏం చెప్పను? ఆ రోజు వేలెక్కడుందో అతనొక్కడికే తెలుసు. అతన్ని ఎవరూ అడగలేదు." పుస్తకం మూసింది. "నేనూ అడగలేదు. అది నా తప్పే."

రెండు వారాలు షూటింగ్ రేంజికి రావద్దంది. పోటీ రోజు నా వెనక తనే నడుస్తానంది. "నిన్ను నమ్మొచ్చా?"

"నమ్మండి" అన్నాను.

మే 2

అయితే అది ప్రమాదమే. నాకూ జరిగింది కాబట్టి ప్రమాదమే.

అయితే ఏంటి.

మే 3

ప్రమాదమే అయినా వేలు లోపల పెట్టుకున్నది ప్రమాదం కాదు. వద్దని చెప్పిన మనిషే వెనక నడుస్తోంది.

నాకూ పెద్దమ్మ చెప్పింది. నేనూ పెట్టుకున్నాను. కానీ నా గుండు మట్టిలో దిగింది. ఇందులో నా గొప్పేమీ లేదని తెలుసు. తెలిసినా అతని మీద కోపం ఒక్క పిసరు తగ్గలేదు. నిజం తెలిస్తే తగ్గుతుందనుకున్నానా? తగ్గకూడదనే ఇంతకాలం నిజం అడగలేదేమో.

మే 8

క్లాసులో రెండు రకాల పొరపాట్లు చెప్పాను. తప్పు లేనివాణ్ణి పట్టుకోవడం ఒకటి, తప్పున్నవాణ్ణి వదిలెయ్యడం ఒకటి. ఒకదాన్ని తగ్గిస్తే రెండోది పెరుగుతుంది.

"వీటిలో ఏది పెద్దది మేడమ్?" అనడిగింది ముందు బెంచీ అమ్మాయి.

"చచ్చింది ఎవరు అన్నదాన్ని బట్టి" అన్నాను.

క్లాసంతా నవ్వింది. నేను బోర్డు వైపు తిరిగాను.

మే 12

"ఆ క్లబ్బు మానెయ్యరాదూ" అన్నాడు మా ఆయన, బట్టలు మడతపెడుతూ.

"ఎందుకు?"

"నీ అడుగు చప్పుడు వినపడట్లేదు. వంటింట్లో ఉన్నావనుకుంటే నా వెనక ఉంటున్నావు. మొన్న గ్లాసు జారవిడిచింది అందుకే."

"చప్పుడు చెయ్యాలా?"

"చెయ్యి. మొగుణ్ణి కదా, కొంచెం ముందుగా తెలియాలి."

నవ్వుతూనే అన్నాడు. మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్ళీ మడతపెట్టాడు.

మే 18

రేపు నేనేం చేస్తానో నాకు తెలియదు. ఇది అబద్ధం కాదు. పేజీ పైనుంచి మూడుసార్లు చదివి చూసుకున్నాను.

మే 19

జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున గోడకి అంటించిన లిస్టులో మూడో స్టేజీకి నా పేరు ఎదుట పెద్దమ్మ పేరు కొట్టేసి ఉంది. పక్కన పెన్నుతో పళ్ళ డాక్టరు పేరు రాసి ఉంది. పెద్దమ్మ కోసం చూశాను. అవతలి గోడ వెనక ఒకటో స్టేజీ నడిపిస్తోంది, చెవులకి మూతలు పెట్టుకుని. వెళ్ళి చెప్పొచ్చు. యాభై గజాలు. వెళ్ళలేదు.

నా వంతొచ్చింది. గీత దగ్గర నిలబడ్డాను. అతను వెనకొచ్చి నిలబడ్డాడు. పిస్టలు నింపమన్నాడు. నింపి, నడుముకున్న ఒరలో పెట్టుకున్నాను. మిగతావాళ్ళు గాజు గోడ అవతల ఉన్నారు. చెవి మూతల్లో చిన్న మైకు ఉంటుంది, పక్క మనిషి మాట మెత్తగా వినిపిస్తుంది, తన తలలోంచి వచ్చినట్టు.

"మీరెవరో నాకు తెలుసండీ" అన్నాడు. "విచారణలో మూడు రోజులూ చివరి వరుసలో కూర్చున్నారు. ఒక్కరోజు కూడా ఏడవలేదు."

నేను వెనక్కి తిరగలేదు. "తెలిసీ ఇక్కడెందుకు నిలబడ్డారు?"

"నేనే సెక్రటరీనడిగి మార్పించుకున్నాను."

అప్పుడడిగాను. ఏడాదిపాటు ఎవరూ అడగని ప్రశ్న. "ఆ రోజు మీ వేలెక్కడుంది?"

"లోపల."

క్షణం కూడా ఆలోచించలేదు. ఎవరో అడగాలని ఏడాదిగా నాలుక చివర పెట్టుకున్నట్టు చెప్పాడు.

"ఆవిడ ముందు వారమే పట్టుకుంది. అందరి ముందూ కోసింది. నాకు రోషమొచ్చింది. అరసెకనుకోసం కాదండీ. ఆవిడ చూడాలనే లోపల పెట్టాను. మళ్ళీ కొయ్యి చూద్దాం అని."

తర్వాత తన అరచెయ్యి నా వీపు మీద ఆనించాడు, రూలు ప్రకారం. రిఫరీ అడగాల్సిన మాట అడిగాడు. "సిద్ధమేనా?"

ఆ చెయ్యి వణకడం లేదు. అదే నాకు వింతగా తోచింది. పళ్ళు పీకే చెయ్యి ఎలా ఉండాలో అలాగే ఉంది.

"సిద్ధం" అన్నాను.

గంట మోగింది. మొదటి టార్గెట్. రెండు. వేలు బయట. కాలివేళ్ళు, మడమ. రెండో టార్గెట్. రెండు. వేలు బయట. నాలుగో అడుగు.

అద్దం ముందు నేను తూలింది మూడో అడుగులో; పెద్దమ్మ ముందు నిజంగా తూలిన ఆదివారం నుంచి అది నాలుగోది అయింది. ఇక్కడ తూలాలి. అతని చెయ్యి నాతోపాటే వెనక్కి వస్తోంది, ఒక్క వేలి ఎడం కూడా లేకుండా. భయపడేవాడి చెయ్యి కొంచెమైనా వెనక్కి తగ్గుతుంది. ఇది తగ్గలేదు. నేను ఎక్కడ తూలతానో దానికి తెలిసినట్టుంది. తూలితే పట్టుకోవడానికి కాదు. నేను ఏడాదిగా ఏది ఇవ్వాలని మోసుకొస్తున్నానో, అది పుచ్చుకోవడానికే ఇతను ఇవాళ తలారా స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు.

నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. చెల్లి పోయిన రోజు కూడా రాలేదు.

ఇవ్వదలచుకోలేదు.

మూడో టార్గెట్. రెండు. ఆరో అడుగు.

పిస్టలు ఖాళీ చేసి చూపించాను. అతను గుండుండే గూటిలోకి తొంగి చూసి "ఖాళీ" అనాలి. అనడానికి చాలాసేపు పట్టింది. ఆరుకి ఆరూ మధ్య గీతలోపల పడ్డాయి. స్కోరు కాగితం మీద సంతకం ఒకసారి పెట్టి, కొట్టేసి, మళ్ళీ పెట్టాడు.

"ఇవాళే కమిటీకి రాసిచ్చేస్తాను" అన్నాడు. "వేలు సంగతి. లైసెన్సు పోతుంది, కేసు మళ్ళీ తెరుస్తారు. పోనీండి."

"వద్దు."

"మరేం చెయ్యమంటారు?"

"ఎవ్వరికీ చెప్పకండి. వచ్చే ఆదివారం ప్రాక్టీసుకి రండి. నా వెనక నడవండి."

అతనికి అర్థమైంది. మొహం చూస్తే తెలిసింది. తెలియడం చూసి నాకు ఆనందం కలిగింది. రాయకుండా దాటేద్దామనుకున్నాను గాని, కలిగింది.

"ఎన్నాళ్ళు?"

"తెలీదు" అన్నాను. "ప్రతిసారీ పిస్టలు నిండే ఉంటుంది."

మే 20

నాకు రెండో స్థానం వచ్చిందట. మా ఆయన కప్పు తుడిచి టీవీ పక్కన పెట్టాడు. "ఏకాగ్రత వచ్చిందా?"

"వచ్చింది."

మే 26

వచ్చాడు. పన్నెండుసార్లు వెనక్కి నడిచాం. ప్రతిసారీ నాలుగో అడుగు దగ్గర కొంచెం ఆగినట్టు చేశాను.

జూన్ 2

వచ్చాడు.

జూన్ 9

పెద్దమ్మ నా ప్రాక్టీసు పుస్తకం మూసి నా చేతికిచ్చింది. "గురి ఇంతకంటే బాగుపడేది లేదు. ఇక అతన్ని వదిలెయ్యవే."

"నేనేం పట్టుకున్నానండీ? రమ్మంటే వస్తున్నాడు."

"అతనేదో చెప్పాడు నీకు."

"ఏం చెప్పలేదు."

నాకేసి చూసి, బూటు తాడు కట్టుకోవడానికి వంగింది. తాడు ఊడిపోలేదు.

జూన్ 16

అమ్మాయి భోజనాల దగ్గర అడిగింది. "అమ్మా, పిన్నిది నిజంగా ప్రమాదమేనా?"

మా ఆయన కంచంలోంచి తలెత్తాడు.

చెప్పాల్సింది. దానికి తెలియాల్సిన మాట. రోషానికి పోయి ఒకడు చేసిన పనివల్ల పిన్ని పోయిందని, ఆ మాట అతని నోటితోనే విన్నానని. చెప్తే అది ఊరుకోదు. కమిటీ దగ్గరికి పోతుంది, పేపరువాళ్ళ దగ్గరికి పోతుంది. అతనికి తను కోరుకున్న శిక్ష పడిపోతుంది. ఆ తర్వాత ఆదివారాలు ఉండవు.

"ప్రమాదమేనమ్మా" అన్నాను.

అది తలూపి అన్నం కలుపుకుంది. నా మాట నమ్మడం దానికి చిన్నప్పట్నుంచీ అలవాటు.

జూన్ 23

పొద్దున్నుంచీ వాన. రేంజి మూసేశామని సెక్రటరీ అందరికీ మెసేజి పెట్టాడు. నాకూ వచ్చింది. చూసుకున్నాను. అయినా గొడుగేసుకుని బయల్దేరాను.

గేటు తాళం వేసి ఉంది. పక్కనున్న సైకిళ్ళ షెడ్డు కింద అతను నిలబడి ఉన్నాడు, మోకాళ్ళదాకా తడిసి. నేను గొడుగు ముడిచి అవతలి కొసన నిలబడ్డాను. మెసేజి రాలేదా అని అతను నన్ను అడగలేదు, నేను అతన్ని అడగలేదు. గంట పైనే నిలబడ్డాం. కాస్త తెరిపి ఇవ్వగానే అతను నా వైపు చూశాడు, వెళ్ళనా అన్నట్టు. తలూపాను. అతను వెళ్ళాక కూడా నేను కదలడానికి కొంతసేపు పట్టింది.

ఇంటికొస్తే మా ఆయన తువ్వాలు అందిస్తూ అడిగాడు. "ఇంత వానలో ఎక్కడికెళ్ళావు?"

"ప్రాక్టీసుకి" అన్నాను.